మాస్టారు కథ రాస్తున్నారండి

మా కొవ్వూరు రాజరత్నం మాస్టారు మధ్యాహ్నం నిద్రపోకపోతే ఒక్క అక్షరం రాయలేరు. నిద్ర పట్టిందా, లేచి తాగే కాఫీ చల్లారేలోగా కథ రాసి పారేస్తారు.

నేనూ కథలు రాస్తాను. తెల్లవారుజామున నాలుగింటికే లేచి, గోదావరిలో మునిగొచ్చి, కలం పట్టుకు కూర్చునేవాణ్ణి. తెల్లారేది గానీ కథ తెమిలేది కాదు. ఇంత నిష్ఠగా ఉన్న నన్నొదిలేసి సరస్వతి ఆ గురక వెంట పడుతుందేమిటని కుళ్లిపోయేవాణ్ణి. అవును, అసూయే. దాచుకోవడం దేనికి?

సెలవుల్లో ఏ మధ్యాహ్నం వెళ్లినా ఆయన భార్య దేవకుమారిగారు గుమ్మంలోనే ఆపేసేవారు.

"మాస్టారేం చేస్తున్నారండి?"

"కథ రాస్తున్నారండి. చప్పుడు చెయ్యకండి."

లోపల నవారు మంచం, పొట్టమీద విసనకర్ర, ఇల్లెగిరిపోయే గురక.

ఓసారి కాలవలో గేదె పడితే వీధి వీధంతా కేకలు పెట్టింది. ఆయన కదల్లేదు. లేచాక, "ఏంటండీ, గేదె పడిందా?" అని అడిగి దానిమీద కథ రాశారు. వారపత్రికవాళ్లు రంగుల బొమ్మ కూడా వేశారు. ఆ గేదెని తోక పట్టుకు లాగినవాణ్ణి నేను. నాకు మిగిలింది నోటినిండా బురద.

డెబ్భై ఎనిమిది వేసవిలో ఆ వారపత్రికవాళ్లే కథల పోటీ పెట్టారు. ఇందులోనైనా ఆయన్ని ఓడించాలని పంతం పట్టి, మూడు రోజులు కంటిమీద కునుకు లేకుండా రాశాను. ఆఖరి రోజు నాలుగు గంటల టపాలో పడెయ్యాలి. ముందు ఆయన్ని కాస్త ఉడికిద్దామని రెండింటికే వాళ్లింటికి వెళ్లాను. మాస్టారు అప్పుడే మంచం దులుపుకుంటున్నారు. పోటీకి ఆయన కథ ఇంకా మొదలే కాలేదు. పడుకోవాలిగా మరి! నా కథ చేతికిస్తే తిరగేసి చూశారు.

"ప్రసాదుగారూ, కాగితానికి రెండువైపులా రాశారేంటండీ? ఒకవైపే రాయాలన్నారు కదా! చదవకుండానే బుట్టలో పడేస్తారు."

"కాగితాలు కలిసొస్తాయనీ..." అని నీళ్లు నమిలాను.

"సరే, ముందిలా కూర్చోండి," అని మంచం చూపించారు. కూర్చున్నవాణ్ణి ఎప్పుడు ఒరిగిపోయానో నాకే తెలీదు.

కళ్లు తెరిచేసరికి ఐదు. లబోదిబోమంటూ బయటికొచ్చాను. మాస్టారు అరుగుమీద కూర్చుని, వేళ్లకంటిన సిరా నిమ్మచెక్కతో రుద్దుకుంటున్నారు.

"నా కథ?"

"టపాలో పడిందండి. ఒకవైపే ఎత్తి రాశాను. అక్షరం మార్చలేదు."

"మరి మీది?"

"ఎక్కడండీ! మీరు మంచమెక్కి గురక పెడుతుంటే నాకు నిద్రేదీ?"

దేవకుమారిగారు కాఫీ తెచ్చిచ్చారు. "మీకోసం ఎవరో వచ్చారండి. ప్రసాదుగారు కథ రాస్తున్నారని చెప్పి పంపేశాను."

ఆ కథకి మూడో బహుమతి వచ్చింది. దాంతో నా అసూయ తీరిందనుకునేరు. ఎదుటివాడి కథ కోసం తన నిద్ర మానుకునే గుణం కూడా ఆయనకే ఉండాలా అని ఇప్పుడు కుళ్లుకుంటున్నాను. గోదావరి మునకలు మానేసి మధ్యాహ్నాలు నేనూ పడుకుంటున్నాను. మాస్టారంతటి గురకైతే పట్టుబడింది. కథలే ఇంకా రావాలి.