కుందేలు ఏడుపు

కుందేలు ఏడుస్తుందని నాకు పెళ్లయి పిల్ల పుట్టేదాకా తెలియదు. మోంటానాకి వచ్చాక తెలిసింది, అదీ ఒక ప్లాస్టిక్ డబ్బాలోంచి.

ఆ మూలకి మేం ఎందుకు చేరామో ముందు చెప్పాలి. మా స్నేహితులందరూ రెడ్‌మండ్‌లోనో ఫ్రిస్కోలోనో ఇళ్లు కొనుక్కున్నారు. పక్క సందులో ఇండియన్ గ్రోసరీ, ఎదురింట్లో ఇంకో తెలుగువాడు. నా భార్యకి మాత్రం కెనడా సరిహద్దు దగ్గర ఓ చిన్న ఊళ్లో డాక్టరు ఉద్యోగం వచ్చింది. డాక్టర్లు దొరకని చోట కొన్నేళ్లు పనిచేస్తే వీసా సంగతి తేలుతుందని చేరిపోయింది. నాది రెడ్‌మండ్ కంపెనీలో పనే అయినా ఇంట్లో కూర్చుని చేసుకునేది కాబట్టి, సామాను మోసుకుంటూ ఆవిడ వెనకే నేనూ పోయాను. అక్కడ కరివేపాకు కావాలంటే సగం రోజు డ్రైవ్ చేయాలి. ఇంటి వెనక గుట్ట, గుట్ట అవతల బీడు, బీడు అవతల అడవి. అంతకు మించి చూడ్డానికి ఏమీ లేదు.

అక్కడ పక్కిల్లంటే రాత్రిపూట దీపం కనపడే ఇల్లు అని అర్థం. మా పక్కింటాయన డెబ్భై దాటిన గొర్రెల రైతు. భార్య పోయింది, పిల్లలు దగ్గర లేరు. మంచు పడితే అడక్కుండానే ట్రాక్టరేసుకుని వచ్చి మా దారి ఊడ్చి వెళ్లేవాడు. ఆయనకి లోకంలో ఒకటే పగ, కయోటీల మీద. కయోటీ అంటే నక్కకి అన్న, తోడేలుకి తమ్ముడు. ఈనిన గొర్రె పక్కనే ఉన్నా దాని పిల్లని లాక్కుపోతుంది. "ఒకసారి వేటకి రా, నీకే తెలుస్తుంది" అని ఆయన పోరగా పోరగా వెళ్లాను. వీసా మీద బతుకుతున్నవాడికి తుపాకీ ఎందుకులే అని చెబితే, నవ్వి, నా చేతికి బైనాక్యులర్స్ ఇచ్చాడు.

వేట అంటే మనిషి జంతువు వెంట పడటం అనుకునేవాణ్ణి. వీళ్ల పద్ధతి వేరు. ఒకచోట కూర్చుని పిలుస్తారు. అంత దూరాన తుప్పల్లో స్పీకరు డబ్బా ఒకటి పెట్టి, ఇవతల బండకి వీపు ఆనించి, రిమోట్ నొక్కుతారు. డబ్బాలోంచి కుందేలు ఏడుస్తుంది. ఏదో కాలు పట్టుకుని నములుతున్నట్టు, ఆగి ఆగి, ఎక్కిళ్లు పెడుతూ ఏడుస్తుంది. ఆ ఏడుపు విని, తేరగా తిండి దొరికిందనుకుని కయోటీ వస్తుంది. ఒక్కోసారి ఎర్రనక్క వస్తుంది. ఒకసారి బాబ్‌క్యాట్ వచ్చింది, మన జంగుపిల్లి లాంటిది. ఎప్పుడు వచ్చిందో తెలియదు, చూసేసరికి డబ్బా పక్కన కూర్చుని ఉంది. మనం మాత్రం కదలకూడదు, దగ్గకూడదు, ముక్కు కారినా తుడుచుకోకూడదు. మా ఆఫీసు మీటింగుల్లో అలవాటైన పనే కాబట్టి నాకు పెద్ద కష్టమనిపించలేదు.

మొదటిసారి ఆ ఏడుపు విన్నప్పుడు మాత్రం ఒళ్లు జలదరించింది. అచ్చం పసిపిల్ల ఏడుపే. ఆయనతో అదే అన్నాను. "అందరూ అదే అంటారు. రెండుసార్లు వింటే అలవాటైపోతుంది" అన్నాడాయన. అలవాటైపోయింది కూడా.

ఆ చలికాలం మా అత్తగారు పాపని చూసుకోవడానికి వచ్చారు. సామర్లకోట వైపు ఓ ఊళ్లో అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరయ్యారావిడ. ఊరందరి పిల్లల్నీ గదమాయించిన మనిషి, నా దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించేస్తారు. అల్లుణ్ణి దశమగ్రహం అంటారుగా, ఆ గ్రహానికి చేయాల్సిన మర్యాదలన్నీ చేస్తారు. నేను గదిలోకి వస్తే లేచి నిలబడతారు. "బాబుగారూ, టీ పెట్టమంటారా" అని తలుపు చాటునుంచి అడుగుతారు. కూర్చోండి అని ఎన్నిసార్లు చెప్పినా గోడకి చెప్పినట్టే.

సాయంత్రాలు గుట్ట మీద కయోటీలు కూసేవి. "నక్కలండీ బాబుగారూ" అనేవారు పాపని గట్టిగా పొదువుకుని. నక్కలు కావనీ, వాటికంటే పెద్దవనీ, పాపని తీసుకుని గుమ్మం దాటొద్దనీ గట్టిగా చెప్పాను. ఆవిడ ఎంత భయపడ్డారంటే, వాకిట్లో ఉత్తరాల డబ్బా దాకా కూడా వెళ్లేవారు కాదు.

అది నవంబరు, శనివారం ఉదయం. నా భార్య డ్యూటీకి వెళ్లిపోయింది. పక్కింటాయన ఫోన్ చేసి, రాత్రి మా గుట్ట అవతలి పల్లంలోనే కయోటీలు రెండు గొర్రెల్ని పీకేశాయని చెప్పాడు.  దూరం వెళ్లక్కర్లేదు, అక్కడే కూర్చుందాం అన్నాడు.

అత్తగారికి చెప్పే బయల్దేరాను. "గుట్ట వెనక కయోటీలు దిగాయటండీ. ఆయనతో వెళ్లొస్తాను. మీరు మాత్రం తలుపు తీయకండి."

"జాగ్రత్తండీ బాబుగారూ" అన్నారు. పాప ఆవిడ భుజం మీద నిద్రపోతోంది.

పల్లంలో అక్కడక్కడా మంచు, మిగతాదంతా నడుమెత్తు సేజ్ తుప్పలు. బూడిద రంగు మొక్క అది, ఆకాశానికీ నేలకీ అదే రంగు. డబ్బాని గుట్ట అడుగున పెట్టి వచ్చి, గుట్టకి ఎదురుగా కూర్చున్నాం. "మీ ఇల్లు దాని వెనకాల ఉంది. గుండు గుట్టలో దిగిపోతుంది, భయం లేదు" అన్నాడాయన. తుపాకీ మోత వినపడకుండా చెవులకి మఫ్స్ తగిలించుకుని తుపాకీని మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆకు కదలడం లేదు. అలాంటి చలిలో చప్పుడు ఎంత దూరమైనా పోతుంది. రిమోట్ నొక్కాడు, కుందేలు ఏడుపు మొదలైంది.

చాలాసేపు ఏమీ రాలేదు. నా కాళ్లు తిమ్మిరెక్కాయి. మధ్యాహ్నం వంట గురించి ఆలోచిస్తున్నాను. అంతలో ఆయన మోచేత్తో నన్ను పొడిచాడు.

గుట్ట వాలులో, తుప్పల మధ్య, గోధుమ రంగు బొచ్చు. బైనాక్యులర్స్ ఎత్తాను. బొచ్చు అంచు మాత్రమే కనపడుతోంది, కింద బూడిద రంగు వీపు. వంగి, నెమ్మదిగా దిగుతోంది. ఆయన రిమోట్ నొక్కి ఏడుపు ఆపితే అది ఆగింది. చెవులు రిక్కించి వింటున్నట్టే ఉంది. మళ్లీ నొక్కితే మళ్లీ కదిలింది. కయోటీ అచ్చం అలాగే వస్తుంది. నాకు సంతోషమేసింది, అబద్ధమెందుకు. ముసలాయన పగ తీరబోతోంది కదా అనుకున్నాను. ఆయన తుపాకీ ఎత్తి చెంపకి ఆనించాడు. తుప్పల మధ్య ఒక ఖాళీ జాగా ఉంది. అది అక్కడికి రావాలని చూస్తున్నాడు.

అప్పుడు తుప్పల్లోంచి తెలుగు వినపడింది.

"వచ్చేస్తున్నానమ్మా... ఏడవకమ్మా... ఇదిగో, వచ్చేశాను..."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయనకి చెవుల మీద మఫ్స్. అరుద్దామంటే ఇంగ్లీషూ రాలేదు, తెలుగూ రాలేదు. తుపాకీ గొట్టం మీద రెండు చేతులూ వేసి, ఒళ్లంతా దాని మీద పడేసి నేలకి నొక్కాను. అది పేలింది. మా ముందు మట్టి ఎగిరి నా మొహాన పడింది.

గుట్ట దగ్గర బొచ్చు అంచు తుప్పల్లోకి కుప్పకూలింది.

డబ్బా ఏడుపు ఆగలేదు, దానికేం తెలుసు. అది ఏడుస్తుండగానే పక్కనుంచి ఇంకో ఏడుపు లేచింది. దాన్ని నేను వెయ్యి ఏడుపుల్లోనైనా గుర్తుపడతాను. అది మా పాపది.

ఎలా పరుగెత్తానో తెలియదు. ముసలాయన వెనకనుంచి ఏదో అరుస్తున్నాడు. వెళ్లి చూద్దును కదా, అత్తగారు నేల మీద కూర్చుని ఉన్నారు. ఒంటి మీద నా భార్య బూడిద రంగు పాత చలికోటు, బొచ్చు అంచున్న టోపీ నెత్తి మీదికి లాక్కున్నారు. కాళ్లకి నా బూట్లు. కోటు జిప్పు మెడ దాకా పెట్టి ఉంది. దాని లోపల, చీర కొంగుతో గుండెకి కట్టేసి, మా పాప. గుక్కపట్టి, ఎర్రగా. నేను జిప్పు లాగి పాప తల తడిమాను, వీపు తడిమాను, ఆవిడ చేతులు తడిమాను. నెత్తురు ఎక్కడా లేదు. చప్పుడుకి బెదిరి పడిపోయారు, అంతే. ఉన్నారు, ఇద్దరూ ఉన్నారు. నేను బావురుమన్నాను.

ఆవిడ నావైపు చూడనైనా చూడలేదు. "ఎవరండీ పేల్చింది? అటు పసిబిడ్డ ఉందండీ! తగిలిందేమో చూడండి ముందు!"

నేను కదలలేదు. 

"మీకూ వినపడింది కదా బాబుగారూ? మీరూ దాని కోసమే కదా వచ్చారు?" అన్నారు.

ఆవిడ పాపని నా చేతుల్లో పెట్టి, మోకాళ్లు పట్టుకుని లేచి, ఏడుపు వినపడే వైపు నడిచారు. తుప్పలు విరుచుకుంటూ, "ఎక్కడమ్మా, ఎక్కడున్నావు" అంటూ. నేను పాపని హత్తుకుని వెనకాలే వెళ్లాను. ఆవిడ ఒక తుప్పని రెండు చేతులా పక్కకి వంచి లోపలికి చూశారు. అక్కడ డబ్బా ఉంది, ఏడుస్తూ.

అంతలో ముసలాయన వచ్చాడు. తుపాకీ ఎక్కడ పడేశాడో, చేతిలో లేదు.  రిమోట్ నొక్కబోతే అది జారిపోయింది. నేలమీదే మోకరిల్లి డబ్బా వెనకున్న స్విచ్ వెతికి ఆపాడు. ఇక లేవలేదు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, పాపని చూస్తూ కూర్చుండిపోయాడు. "ఇన్నేళ్లలో ఎన్నడూ, ఎన్నడూ" అని అదే మాట అంటున్నాడు.

నేను అత్తగారికి అంతా చెప్పాను. కయోటీని రప్పించడానికి పెట్టిన ఏడుపనీ, ఇక్కడ ఏ బిడ్డా లేదనీ. ఆవిడ నమ్మలేదు. డబ్బాని తిరగేసి చూశారు.

"తలుపు తీయొద్దని చెప్పాను కదండీ" అన్నాను. కోపంగానే అన్నాను. భయం తీరాక కోపం వస్తుంది కదా.

"నక్కలున్నాయని మీరే కదండీ చెప్పారు. అలాంటి చోట పసిబిడ్డ ఏడుస్తుంటే తలుపేసుకుని కూర్చోనా? మీకు ఫోన్ చేశాను, తీయలేదు." ఫోను సైలెంట్‌లో ఉంది, వేటకి వెళ్తే అలాగే పెట్టాలి. "పాపని ఒక్కదాన్నీ ఎలా వదిలి రాను? అందుకే కట్టుకుని వచ్చాను."

"ఈ చలిలో, ఈ అడవిలో పసిబిడ్డ ఎలా ఉంటుందండీ?"

ఆవిడ నన్ను వింతగా చూశారు. "ముళ్లపొదల్లో పసికందు అని మన పేపర్లో ఎన్నిసార్లు చూడలేదు బాబుగారూ? మా సెంటరు వెనక తుమ్మతుప్పల్లో ఒకసారి దొరికింది. నేనే తీశాను. అప్పటికే చీమలు పట్టేశాయి. ఆడపిల్ల. బతికింది లెండి."

 ఆవిడ ఏమంటోందని ముసలాయన అడిగితే, ఇంగ్లీషులో చెప్పాను. ఆయన రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. ఆ ప్రాంతంలో ఎవరికైనా ఆ ఏడుపు వింటే కుందేలు గుర్తొస్తుంది. ఈవిడకి పొదలో బిడ్డ గుర్తొచ్చింది. ఆ తేడా ఎవరికి తట్టింది గనక? మా పాప ప్రాణం ఆ కాస్త తేడా మీద వేలాడింది. 

పాప ఏడుపు తగ్గింది. అత్తగారు దాన్ని నా దగ్గర్నించి తీసుకుని మళ్లీ కొంగులో కట్టుకున్నారు. ఇంటికి పోదాం పదండి అన్నాను. ఆవిడ కదల్లేదు. ఇంకా డబ్బానే చూస్తున్నారు.

"ఇది మనుషులు గొంతు మార్చి చేసిందా బాబుగారూ?"

నేను ముసలాయన్ని అడిగి చెప్పాను. "కాదటండీ. నిజం కుందేలుదేనట. ఎక్కడో పట్టుకుని రికార్డ్ చేస్తారట."

"అంటే నిజంగానే ఏడ్చింది."

"అవునండీ."

"ఆ రికార్డ్ చేసినాయన పక్కనే ఉన్నాడన్నమాట."

"ఉండే ఉంటాడండీ."

ఆవిడ కోటు జిప్పు పాప గడ్డం దాకా లాగారు.

"మరి ఎత్తుకోలేదా బాబుగారూ దాన్ని?"