కొత్త నవలలో ఎంగిలి విస్తరి

మా అమ్మాయికి తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం రాదు. ఢిల్లీ గవర్నమెంటు క్వార్టర్లలో పెరిగిన పిల్ల. నేను తెలుగులో అడిగితే సగం హిందీలో జవాబిచ్చేది. అందుకని అది కాలేజీలో చేరాక, ఆదివారం మధ్యాహ్నాలు పక్కన కూర్చోబెట్టుకుని ఒక పాత నవల చదివి వినిపించడం మొదలుపెట్టాను. మా అమ్మ నాకు చదివి వినిపించిన నవలే అది.

అందులో కోడలు రోజూ మొగుడు తిని లేచిన విస్తట్లోనే తింటుంది. ఆయన నమిలి ఊసిన ములక్కాడ పిప్పి పక్కకు నెట్టి, అక్కడే వడ్డించుకుంటుంది. అప్పటి ఆచారం మరి. ఆఖరి అధ్యాయంలో ఒకనాడు పెరట్లోకి వెళ్ళి లేత అరిటాకు కోసుకొస్తుంది. కడిగి, నట్టింట్లో వేసుకుని, ఒక్కతీ కూర్చుని వేడివేడిగా తింటుంది. అంతే నవల. ఆ పేజీ దగ్గర మా అమ్మ పుస్తకం ఒళ్ళో బోర్లించి కళ్ళద్దాలు తుడుచుకునేది. మా నాన్న విస్తట్లోనే తిన్న మనిషి ఆవిడ. నా కూతురు ఆ పేజీ నా నోటివెంటే వినాలని నాకు పట్టుదల.

ఇంకా సగంలో ఉండగానే అది నోయిడాలో ఏదో మాల్ నుంచి ఇంగ్లీషు పుస్తకం కొనుక్కొచ్చింది. "మమ్మీ, దేఖో! నీ స్టోరీయే, మోడర్న్ వెర్షన్!" ఆ రోజుల్లో అదో పిచ్చి. పాత నవలలన్నిటికీ జీన్సు ప్యాంట్లు తొడిగి బజార్లోకి తోలేవారు.

చదివాను. కోడలికి గుర్గావ్‌లో ఉద్యోగం ఇచ్చారు, ఇవ్వనీ, సంతోషం. మరి ఆ విస్తరో? రెస్టారెంట్లో మొగుడూ పెళ్ళామూ ఒకే ప్లేట్లో తింటారట. పైగా కొవ్వొత్తులు! ఆఖర్న అతగాడు ఆ ప్లేట్లో చివరి ముద్ద మిగిలిస్తే ఆమె మురిసిపోతుందట. ఛీ! రాసినావిడ మన తెలుగు పిల్లేనట, అమ్మమ్మ దగ్గర విన్న కథట. ఆ అమ్మమ్మ ఏం చెప్పి ఏడ్చిందో, ఈవిడ చెవికేం ఎక్కిందో! పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుంది. నాకు రోత పుట్టింది.

"సో రొమాంటిక్, హై నా?" అంది మా అమ్మాయి.

ఒళ్ళు మండిపోయింది. "ఎంగిలి తినడం రొమాన్సటే? నీ మొహం!"

"ప్యార్ మే సబ్ చల్తా హై, మమ్మీ. ప్రేమలో ఎంగిలేంటి? నీ బుక్‌లో అయితే అందరూ ఏడుస్తూనే ఉంటారు." కథ ఎలాగూ తెలిసిపోయింది కనుక ఇంక చదవక్కర్లేదంది. నేను మూతి ముడుచుకుని పుస్తకం బీరువాలో పడేశాను.

తర్వాతి ఆదివారం పనిమనిషి రాలేదు. మా ఆయన భోంచేసి, చెయ్యి కడుక్కుని, టీవీ ముందుకు వెళ్ళారు. ఎంగిలికీ ప్రేమకూ తేడా తెలియని దానికి నవలలెందుకని ఇంకా ఆ రచయిత్రిని తిట్టిపోస్తూనే, ఆయన కంచం నా ముందుకు లాక్కుని అన్నం పెట్టుకున్నాను.

ఎదురుగా తింటున్న మా అమ్మాయి చెయ్యి ఆగిపోయింది. "మమ్మీ, యే క్యా హై?"

"అంట్లు తోమేది నేనేగా. ఒక కంచం తగ్గుతుందని."

"పనిచేసే దీదీ వచ్చిన రోజు కూడా నువ్వు అలాగే తింటావు కదా. బచ్‌పన్ సే దేఖ్ రహీ హూఁ, చిన్నప్పట్నుంచీ." కాసేపు నా కంచంకేసే చూసింది. "మీ ఇద్దరి మధ్యా అది లవ్ అనుకున్నా, మమ్మీ. అందుకే ఆ బుక్ అంత నచ్చింది."

ఆయన నమిలేసిన ములక్కాడ పిప్పి కంచం అంచున నా అన్నానికి ఆనుకుని ఉంది. ఇన్నేళ్ళలో మొదటిసారి, దాన్ని కాక కంచాన్నే అవతలికి నెట్టేశాను.