మెరిసిన తొట్టి

ఆ దర్జీ ఆవిడకు కుట్టుమిషను పక్కనున్న గాజుతొట్టే లోకం. అందులో మొక్కల మధ్య గోరంత ఎర్ర రొయ్యలు పాచి తింటూ తిరిగేవి. వాటి తిండి కోసమే ఆవిడ వెనక అద్దాన్ని ఎన్నడూ తుడిచేది కాదు.

ఇంట్లో ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెట్టని మొగుడికి ఆ రోజు ఏ గాలి సోకిందో! ఆవిడ కుట్టిన బట్టలిచ్చి వచ్చేలోపు రొయ్యల్ని బకెట్లోకి తీసి, తొట్టిని సబ్బుతో తోమి, కొళాయి నీళ్లు నింపి మళ్లీ వదిలాడు.

"చూడు, ఎలా మెరుస్తోందో! ఒక్క మంచి మాటైనా అనవేం?"

రొయ్యలన్నీ అడుగున వెల్లకిలా పడి ఉన్నాయి. టీ వడకట్టే జల్లెడతో వాటిని ఒక్కొక్కటే పైకి తీస్తూ ఆవిడ అంది:

"మీరు పట్టించుకోకపోబట్టే ఇన్నాళ్లూ బతికాయండీ, నాలాగే."