అత్తమ్మ వంటిల్లు కూల్చిన ఏడాది

పాత వంటిల్లు కూల్చి కొత్తది కట్టిద్దామని పట్టుబట్టింది నేనే. ఈ మాట ముందే చెప్పుకోవాలి. తర్వాత మా ఆయన ఎన్ని విధాలుగా సర్దిచెప్పినా, "నీకేం తెలుసు పాపం" అని చుట్టాలు అన్నా, ఆ పట్టు నాదే.

హైదరాబాద్ పాతబస్తీలో, హుస్సేనీ ఆలంలో మాది మా మామగారు ఎప్పుడో కొన్న పాత ఇల్లు. ముందొక గది, మధ్యలో ఒక గది, వెనక వంటిల్లు, పక్కన సన్నటి వరండా. వంటింటి గోడలు మూరెడు మందం, సున్నంతో కట్టినవి. ఒకటే కిటికీ, అది తెరిస్తే ఎదురుగా పక్కింటి గోడ. పట్టపగలు కూడా బల్బు వెయ్యకపోతే ఏ డబ్బాలో ఏముందో నాకు తెలిసేది కాదు. అత్తమ్మ మాత్రం బల్బు వేసేది కాదు. కరెంటు పొదుపు అనుకునేదాన్ని.

ఇంట్లో ముగ్గురమే. నేను ధూల్‌పేట్‌లో సర్కారు బడిలో టీచర్ని. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్. ఇద్దరం పొద్దున్నే బయటపడాలి. అత్తమ్మ తెల్లవారుజామునే లేచి చాయ్ పెట్టి, జొన్నరొట్టెలు కొట్టి, కూర వండి ఇద్దరికీ డబ్బాలు కట్టేది. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో నేను డబ్బా లేకుండా బడికి వెళ్లిన రోజు లేదు. ఆమె పొయ్యి ముందు నిలబడితే వంటిల్లంతా ఆమె చేతికందే దూరంలో ఉండేది. వెనక్కి తిరగకుండా చెయ్యి చాపితే గూట్లోని పోపుల డబ్బా దొరికేది. ఎడమపక్క మేకుకు పట్టుకారు. మోకాలి పక్కన బియ్యం డబ్బా. నేను గంటె వాడి ఇంకో చోట పెడితే గొడవే. "యాడిది ఆడ పెట్టు బిడ్డా" అని రోజుకు పదిసార్లు అనేది. నాకది పెత్తనంలా అనిపించేది.

ఆ వంటింటి మీద నాకు ఎప్పుడూ మనసు లేదు. గోడలకు చెమ్మ, మసి, బొద్దింకలు. నా తోటి టీచర్ల ఇళ్లకు వెళ్లినప్పుడు తెల్లటి టైల్స్, గ్రానైట్ గట్టు, నీళ్లు నిలవని సింకు చూసి వచ్చి, మా ఇంట్లో అడుగుపెట్టగానే చిరాకు పుట్టేది. చెప్పినప్పుడల్లా అత్తమ్మ ఒకటే మాట.

"ఎందుకు బిడ్డా, నడుస్తున్నది గదా."

ఒక ఎండాకాలం మధ్యాహ్నం పైకప్పు నుంచి అరచేయంత పెచ్చు ఊడి ఉడుకుతున్న పప్పులో పడింది. అత్తమ్మ నెత్తిమీద పడాల్సింది. మా ఆయన ఆరోజే సరేనన్నాడు. అత్తమ్మ ఇక వద్దనలేదు. సాయంత్రం నా పక్కన కూర్చుని ఒక్కటే అడిగింది.

"పొయ్యి యాడ పెడ్తరు?"

"కిటికీ కింద, అత్తమ్మా. గాలొస్తది. పాత జాగల సింకు వస్తది" అన్నాను ఉత్సాహంగా.

 ఆమె చాలాసేపు చీరకొంగు అంచును వేళ్ల మధ్య నలుపుతూ కూర్చుంది. అలిగిందనుకున్నాను. రెండు రోజులుంటే పోతుందనుకున్నాను.

పక్క గల్లీలో ఉండే మేస్త్రీని పిలిపించాం. యాభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. బడి సెలవుల్లోనే ఇరవై రోజుల్లో అయిపోతుందన్నాడు. మొదటిరోజు టైల్స్ కోసం గోడ గీకుదామని రెండు దెబ్బలు వేశాడో లేదో, గోడలోంచి మట్టి ధారలా కారింది. ఇంకో దెబ్బకు సగం గోడ అతని కాళ్ల మీదికి వచ్చింది. లోపలంతా ఎలుకల బొరియలు, తలుపు మీది దూలం చెదలు తిని బోలుగా ఉంది.

"టీచరమ్మా, గిది గోడ కాదు, మట్టికుప్ప. నాలుగు గోడలు తియ్యాలె, కప్పు తియ్యాలె. లేకుంటే ఎన్నడో మీ మీదనే కూలుతుండె" అన్నాడు.

అట్లా ఇరవై రోజులు నెలలయ్యాయి. కప్పు తీసేసిన వారానికే వానలు మొదలయ్యాయి. నేను బడికి నడిచే దారి పొడవునా, ధూల్‌పేట్‌లో విగ్రహాలు చేసేవాళ్ల ఇళ్ల ముందు, సగం చేసిన వినాయకుల మీద నీలం టార్పాలిన్లు కప్పి ఉండేవి. మా వంటింటి మీదా అవే. వాన వస్తే పని ఆగేది, వాన పోతే మేస్త్రీ ఇంకెక్కడో పనిలో ఉండేవాడు. ఇల్లంతా సున్నపు దుమ్ము. బియ్యంలో దుమ్ము, పరుపుల మీద దుమ్ము, పళ్ల మధ్య దుమ్ము. గ్యాస్ పొయ్యి వరండాలో ఒక బల్ల మీద పెట్టుకున్నాం. డబ్బాలన్నీ అట్టపెట్టెల్లో కుక్కాం.

అక్కడే అత్తమ్మ వంట చెడింది. పప్పులో పసుపు బదులు కారం వేసేది. పాల గిన్నె అనుకుని బియ్యం కడిగిన కుడితి గిన్నె పొయ్యి మీద పెట్టింది. రొట్టె ఒకపక్క మాడి ఇంకోపక్క పచ్చిగా ఉండేది. ఒకరోజు మా ఆయన రెండు ముద్దలు తిని పళ్లెం పక్కకు నెట్టి, డ్యూటీకి వెళ్లిపోయాడు. ఆ రోజు నేను అన్న మాట ఇది.

"పాత వంటిల్లు పోయిందని కోపముంటే నోటితోని చెప్పాలె అత్తమ్మా. గిట్ల అన్నం మీద చూపియ్యొద్దు."

ఆమె తల వంచుకుంది. పొయ్యి గట్టు ఇంకా అక్కడే ఉన్నట్టు కుడిచెయ్యి గాల్లో కొంచెం కదిలి, ఒళ్లోకి దిగింది.  నేను చెప్పులేసుకుని బడికి వెళ్లిపోయాను. దారిలో నాకు తృప్తిగానే ఉంది. అది కూడా రాయకపోతే అబద్ధం చెప్పినట్టవుతుంది.

తర్వాతి వారం నేను బడి నుంచి వచ్చేసరికి మేస్త్రీ పని ఆపి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. అత్తమ్మ ముందుగదిలో మంచం మీద పడుకుని ఉంది. మోకాలికి తడిగుడ్డ.

"ఏమైంది భాయ్?" అన్నాను.

"అమ్మ పైపు కోసం తవ్విన గుంతల పడ్డది. గట్టి దెబ్బ కాదు, చూసిన." చేతులకున్న దుమ్ము దులుపుకున్నాడు. "బురా నక్కో మానో టీచరమ్మా, తప్పుగ అనుకోకు. అమ్మకు కండ్లు కనవడ్తలేవు."

"ఏం మాట్లాడుతున్నవ్? నిన్న గూడ బియ్యంల రాళ్లు ఏరింది."

"చేతులతోని ఏరుతది. నేను తింటుంటె వచ్చింది, గోడ ఉండే జాగల చెయ్యి పెట్టుకుంట నడుస్తున్నది. గోడ ఏడుంది? మూడో అడుగుల గుంతల పడ్డది. లేపుదామని చెయ్యి చాపిన. ముంగటనే ఉన్న నా చెయ్యి ఆమె చూడలే. మా అమ్మకు గూడ గిట్లనే అయింది."

బడిలో ఏటా పిల్లలకు కళ్ల పరీక్ష జరుగుతుంది. అక్షరాల అట్ట పట్టుకుని నిలబడేది నేనే. ఏ పిల్ల మెడ వంచి బోర్డు చూస్తోందో, ఏ పిల్లాడు పక్కవాడి నోట్సు చూసి రాస్తున్నాడో వారంలో పట్టేస్తానని నాకు పేరు. ఆ రోజు మంచం ముందు నిలబడి, పిల్లల ముందు పట్టినట్టే అత్తమ్మ ముందు నా చేతివేళ్లు పట్టాను.

"ఎన్ని వేళ్లు అత్తమ్మా?"

"మూడు" అంది.

అయిదు వేళ్లూ తెరిచే ఉన్నాయి. నేను మాట్లాడకపోయేసరికి ఆమెకు తెలిసిపోయింది. మెల్లగా నవ్వింది.

"నన్ను గూడ బడిపిల్లను చేస్తివా?"

"ఎన్నొద్దులాయె గిట్ల?"

"కుడికన్ను పోయి నాలుగైదేండ్లాయె. ఎడమకంట్ల జరంత సందు ఉన్నది. ఆ సందుల్నుంచి నీ మొకం సగం అగుపిస్తది."

"ఎందుకు చెప్పలే? మేం లేమా?"

"చెప్తే వండనిస్తరా బిడ్డా? ఓ మూలకు కూసోమంటరు. పాత వంటింట్లనైతె నాకు కండ్లతోని పని లేకుండె."

కంటి డాక్టరు చాలాసేపు చూశాడు. నరం ఎండిపోయిందని, పోయిన చూపు రాదని, ఉన్న కాస్తా నిలబెట్టడానికి చుక్కల మందు రాస్తానని చెప్పాడు. "నాలుగేళ్ల ముందు వచ్చుంటే..." అని నా మొహం చూసి ఆపేశాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అత్తమ్మ మా ఇద్దరి మధ్యలో కూర్చుంది. అఫ్జల్‌గంజ్ దగ్గర బండ్లన్నీ ఆగిపోయి, హారన్లు మోగుతున్నాయి. మా ఆయన ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. డిపోలో ఇంజిన్ శబ్దం విని ఎక్కడ లోపముందో చెప్పే మనిషి ఆయన. ఇల్లు చేరేదాకా ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రీ ఇంటికి వెళ్లాను.

"పాత వంటిల్లు ఎట్లుండెనో అట్లనే కట్టు భాయ్. పొయ్యి పాత జాగలనే. గూడు పాత జాగలనే. టైల్స్ వద్దు, ఏమొద్దు."

అతను నాతో వచ్చి, అప్పటికే సగం లేచిన కొత్త గోడ మీద జాన వేసి, అంతే మందమని చూపించాడు. "పాత గోడ మూరెడుండె టీచరమ్మా, అండ్ల గూడు తియ్యొచ్చు. గిది ఒక్క ఇటుక గోడ. గూడు యాడికెల్లి తియ్యాలె? చెయ్యి పెడితే పక్కింట్ల తేలుతది." పాత పొయ్యి ఉన్నచోట కప్పును మోసే పిల్లర్ లేచింది. దాన్ని తియ్యడానికి లేదు. తలుపు కూడా జరిగింది.

అయినా అతను చేయగలిగింది చేశాడు. పిల్లర్‌కు ఆనించి పొయ్యికి గట్టు కట్టాడు. గట్టు ఎత్తు అత్తమ్మను నిలబెట్టి ఆమె నడుముకు కొలిచాడు. గూటికి బదులు చెక్క అర కొట్టాడు. పట్టుకారుకు మేకు కొట్టి, ఆమె చెయ్యి తీసుకుని మేకు మీద పెట్టి, "అమ్మా, చూడు, గీడ" అన్నాడు. ఆమె తలూపింది.

దసరా వెళ్లాక పని అయిపోయింది. తెల్లగా, వెలుతురుగా, నేను ఇరవై రెండేళ్లు కోరుకున్నట్టే ఉంది. పాలు పొంగించే రోజు అత్తమ్మనే ముందు పెట్టాం. ఆమె పొయ్యి గుండీ తిప్పింది, గ్యాస్ వచ్చింది, లైటర్ కోసం వెతుకుతూ గట్టంతా తడిమింది. వాసన నిండుతుంటే మా ఆయన ముందుకు వంగి ఆపేశాడు. ఆమె రెండు అరచేతులూ గ్రానైట్ మీద పరిచి, ఆ చివర నుంచి ఈ చివరకు జరిపింది.

"అంతా ఒక్కతీరుగనే ఉన్నది బిడ్డా. ఏడ పట్టుకోవాలె?"

పది రోజులు ప్రయత్నించాం. నేను బడికి సెలవు పెట్టి, ఆమె వెనక నిలబడి, ఆమె చేతుల మీద నా చేతులు పెట్టి నేర్పాను. తలుపు నుంచి గట్టుకు ఆరు అడుగులు, గట్టు నుంచి సింకుకు మూడు. డబ్బాలకు దారాలు కట్టాను. ఉప్పుకు ఒక ముడి, కారానికి రెండు, పసుపుకు మూడు. ఆమె బుద్ధిగా విని అప్పజెప్పేది. పొయ్యి ముందుకు రాగానే పాత వంటిల్లే ఆమె చేతుల్లోకి వచ్చేది. పోపు మాడుతుంటే చెయ్యి వెనక్కి చాపేది. వెనక ఏమీ లేదు. తొమ్మిదో రోజు మూకుడు అంచు తగిలి మణికట్టు పొడవునా కాలింది. అరవలేదు. మందు రాస్తుంటే, "నీ సెలవులన్నీ నా మీదనే ఒడిసె" అంది.

పదకొండో రోజు పొద్దున నేను లేచేసరికి ఆమె లేచే ఉంది. ముందుగదిలో మంచం మీద, కాళ్లు కింద పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నా అడుగుల చప్పుడు విని ఇటు తిరిగింది.

"చాయ్ అయిందా బిడ్డా?"

ఇరవై రెండేళ్లలో ఆమె నన్ను చాయ్ అడగడం అదే మొదలు. నేను వంటింట్లోకి వెళ్లి, పొయ్యి వెలిగించి, నీళ్లు మరిగి ఆవిరైపోయేదాకా అలాగే నిలబడ్డాను. మళ్లీ నీళ్లు పోశాను.

ఆ తర్వాత ఆమె వంటింటి గడప దాటలేదు. రమ్మని నేనూ అనలేదు, అనడానికి నాకు మొహం లేదు. ఎడమకంట్లో ఉన్న ఆ సందు కూడా మరుసటి ఎండాకాలానికి మూసుకుపోయింది. ఆ విషయం ఆమె చెప్పలేదు, ఒకరోజు ఎదురుగా దీపం వెలుగుతుండగానే, వెలిగించానా అని నన్ను అడిగితే తెలిసింది. మా ఆయన డిపో నుంచి వచ్చి కాసేపు పక్కన కూర్చుంటాడు.  బడికి నేను రాత్రి మిగిలిన కూరే డబ్బాలో పెట్టుకుని వెళ్తాను. తోటి టీచర్లు వంటిల్లు చూడ్డానికి వచ్చి మస్తుగ ఉందని మెచ్చుకుని వెళ్లారు. అత్తమ్మ ముందుగదిలో కూర్చుని విన్నది.

ఇప్పుడు ఆమె ఏమీ అడగదు. ఏం వండావనీ అడగదు. పళ్లెం ఒళ్లో పెడితే తింటుంది, గ్లాసు చేతికిస్తే తాగుతుంది. మొన్న ఆదివారం పచ్చిపులుసు చేసి, అన్నంలో కలిపి ఆమెకు పెట్టాను.

"మంచిగున్నది బిడ్డా" అంది.

ఆమె తినడం అయ్యాక నేను పెట్టుకుని నోట్లో ముద్ద పెట్టుకున్నాను. అందులో ఉప్పే వెయ్యలేదు. ఆమె పళ్లెం చూశాను. ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నది. ఉప్పు లేదని చెబుతుందేమోనని చాలాసేపు ఎదురుగా కూర్చున్నాను. ఆమె కొంగుతో మూతి తుడుచుకుని, గోడవైపు తిరిగి పడుకుంది.