విడిచిన తోక

గతౌరా పొలాల్లో నత్తలు ఏరుకొచ్చి, వాటిలోంచి వెలువడే పరాన్నజీవి లార్వాలు ఎలా ఈదుతాయో చూడటమే బిలాస్‌పూర్ కాలేజీ ల్యాబులో తనూజ పని. కొంగు బొడ్లో దోపి, ఎడమ కన్ను మూసి మైక్రోస్కోపు మీదికి వంగిందంటే టీ చల్లారిపోవాల్సిందే. లార్వా తోకలోని నరాలకూ కండరాలకూ రంగులెక్కించి ఆమె తీసిన ఫోటోలతోనే భర్త రాజేంద్ర డాక్టరేటు పుచ్చుకున్నాడు. ఇవాళ ఆ కాలేజీలోనే లెక్చరర్ ఉద్యోగం ఖాయమైందని, మైక్రోస్కోపు మీద వంగి ఉన్న ఆమె దగ్గరికి లడ్డూలతో వచ్చాడు.

"అచ్ఛా, ఇంక నువ్వు ల్యాబుకి రానక్కర్లేదు. ఇల్లు సూసుకో. ఏటి సూస్తన్నావలాగ?"

"నీళ్లలో ఏసిన చేప చర్మం దొరగ్గానే పురుగు తోకనొదిలేసి లోపలికి దూరిపోనాది. తోకింకా ఈదుతంది."

అతడు నవ్వి ఆమె నోట్లో లడ్డూ కుక్కాడు. ఆ తోక ఆగేదాకా తనూజ కన్నెత్తలేదు, లడ్డూ మింగలేదు.