మేమెక్కని ఢిల్లీ విమానం

జనగామ స్టేషనులో దిగేసరికి ఉదయం ఏడు. వాన. ఒక రైఫిలు, యాభై తూటాలు, నీళ్ల సీసా, తడిసిన కంబళి. ప్లటూనులో తెలుగు వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. మా ఊరు పెద్దవంగర దగ్గర. సొంత గడ్డకు తుపాకీ పట్టుకుని రావడం నాకేమీ గొప్పగా అనిపించలేదు. కమ్యూనిస్టు దళాలను వెతుకుతూ నెల రోజులు మానుకోట వైపు తిరిగి, భూపాలపల్లి అడవిలో క్యాంపు వేశాం.

వైర్‌లెస్ హవల్దారుది ఢిల్లీ. ఒక మధ్యాహ్నం కబురు రాసుకుంటూ సగంలో పెన్సిలు ఆపాడు. మళ్లీ రాశాడు. ఆ కబురు అతనికే. భార్య చావుబతుకుల్లో ఉంది.

కెప్టెన్ వెంటనే సెలవిచ్చాడు. ఎల్లుండి పదింటికి హైదరాబాదు నుంచి మిలిటరీ విమానం. రేపు రెండింటిదాకా రోడ్డు మీద లారీ ఆగుతుంది, జనగామలో రైలెక్కిస్తుంది.

"ఢిల్లీకి ఏడువందల ఎనభై మైళ్లు, ఐదు గంటలు. మరి ఇక్కడి నుంచి రోడ్డుకు?" అని కెప్టెన్ నన్నడిగాడు.

మ్యాపు మీద తిన్నగా దారం పరిచాను. పదకొండు మైళ్లు.

"నాలుగు గంటలు సార్" అన్నాను, పెద్ద మొనగాడిలా.

మర్నాడు ఆరింటికి హవల్దారూ, దారి చూపడానికి నేనూ బయలుదేరాం. ఎనిమిదింటికి ఒక గూడెంలో ముసలామె కనిపించింది.

"అవ్వా, రోడ్డుకు గిట్లనేనా?"

"గిట్ల పోకుండ్రి బిడ్డా. వాగు నిండింది, రేపటిదాంక దిగది. గా గుట్ట చుట్టు తిరిగి పోండ్రి. పగటీలికి రోడ్డెక్కుతరు."

ఏమంటోందని హవల్దారు అడిగాడు. "మధ్యాహ్నానికి రోడ్డెక్కుతారంటూ మనల్ని చుట్టూ తిప్పాలని చూస్తోంది" అన్నాను. ఊరివాళ్లు దారి చెబితే దళం మేలుకే చెబుతారని మాకు నేర్పారు. మా అవ్వలా ఉన్న మనిషిని కాదని దారాన్ని నమ్మాను.

తొమ్మిదిన్నరకు, సగం దారిలో వాగు. ఎర్రటి నీళ్లు, రెండు ఒడ్లూ ముంచి పారుతున్నాయి. తాడు కట్టుకుని దిగితే నడుము లోతులోనే కాళ్లు తేలిపోయాయి. వెనక్కి పోయి గుట్ట చుట్టి వస్తే లారీ అందదు. నీళ్లు తగ్గుతాయేమోనని కూర్చున్నాం. రెండు దాటింది. చీకటి పడితే ఆ ఒడ్డునే పడుకున్నాం. తప్పు నాదేనని ఇద్దరికీ తెలుసు.

మరునాడు పదింటికి నీళ్లు మోకాళ్ల లోతుకు దిగాయి. దాటుతూ అతను గడియారం చూశాడు.

"లేచింది" అన్నాడు.

అవతల అంతా నల్లరేగడి. అడుగు తీసి అడుగు వేయలేకపోయాం. పన్నెండింటికి, "నాగపూర్ దాటింది" అన్నాడు. మూడింటికి ఇంకా చెట్లే. అతను ఆగాడు.

"దిగింది."

అతను ఇల్లు చేరింది నాలుగో రోజున. ఆ మూడింటికి ఆమె బతికే ఉందట. పొద్దు గూకేదాకా వాకిలి వైపే చూసిందట. ఉత్తరంలో అంతే రాశాడు.

మరుసటి ఏడు నేనూ ఊరికొచ్చాను. "ఎంత దూరం పోయొచ్చినవ్ కొడుకా?" అంది మా అవ్వ.

మూడు కొడితే నాకు ఇప్పటికీ ఆ అడవే. పిక్కలదాకా బురదలో నిలబడి, జేబురుమాలుతో ముఖం తుడుచుకుని, ఇంటి ముందుకు వచ్చినవాడిలా హవల్దారు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.