వాగుకు ఎదురెళ్ళిన మా మేనత్త

మా మేనత్త పోయిందని కొమరోలు బస్సులో ఉండగా ఫోన్ వచ్చింది. నిద్రలోనే పోయిందట. ఎవరితోనూ గొడవ పెట్టుకోకుండా ఆమె చేసిన పని ఇదొక్కటే అనిపించి, ఏడుస్తూనే నవ్వాను.

మాది వాన కోసం మొహం వాచిన ఊరు. బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో చెబితే కోస్తావాళ్ళు భయపడతారు, మేం సంబరపడతాం. తుఫాను వస్తే తప్ప మా వాగు పారదు. ఏళ్ళ తరబడి ఎండిన ఆ వాగు ఇసుకలోనే అత్త మేకల దొడ్డి కట్టింది. ఇసుక మెత్తగా ఉంటుంది, గిట్టలకు మంచిదని ఆమె వాదన.

ఒకసారి పెద్ద తుఫాను వస్తోందని, దొడ్డి తీసేయమని గ్రామ సచివాలయం నుంచి ఒకాయన వచ్చి చెప్పాడు.

"సముద్రం యాడ, మనం యాడ నాయనా? తుఫాను ఒంగోలు దాకా వచ్చేసరికే అలిసిపోతాది. మన కాడికొచ్చేది ఉత్త మబ్బే," అని ఆయనకు మజ్జిగిచ్చి పంపింది.

మర్నాడు పొద్దున వాగు వచ్చింది. మా ఊళ్ళో వాగొస్తే ఎవరూ పారిపోరు, పసుపు కుంకుమలు, టెంకాయతో ఎదురెళతారు. అందరికంటే ముందు అత్త పళ్ళెం పట్టుకుని ఇసుకలోకి దిగింది. వాగు మొదట టెంకాయ తీసుకుంది, తర్వాత పళ్ళెం, ఆ తర్వాత అత్త కాళ్ళు. దొడ్డిలో మేకలు అరుస్తున్నాయి. మేం కొంగు పట్టి లాగుతుంటే, "నన్నిడిసి మేకల్ని పట్టండ్రా!" అని తిట్టింది. మా నాయన, ఇంకొందరు దిగి తడికెలు పీకేశారు. మేకలు ఎలాగో ఈది గట్టెక్కాయి గానీ, సూడి మేక ఒకటి మా కళ్ళ ముందే కొట్టుకుపోయింది.

"చుట్టంలా పిలిస్తే ఇట్లనా చేసేది?" అని వాగును నిలదీసి, అక్కడే కూలబడి ఏడ్చింది.

బడిలో పులిహోర పొట్లాలు పంచుతూ "వరద బాధితులు ఇటు రండి" అని పిలిస్తే, "మేం బాధితులం కాదు, మర్యాద చేయబోయినోళ్ళం," అంది. పొట్లం మాత్రం వదల్లేదు.

నీళ్ళు తగ్గాక, అవి ఎంతవరకు ఎక్కాయో అక్కడ ఒక రాయి పాతి సున్నం కొట్టింది. ఆపైన అల్పపీడనం అనే మాట చెవినబడితే చాలు, తన దొడ్డి మిట్టకు మార్చి, మీ మేకల్నీ పైకి తోలండని ఇంటింటికీ తిరిగి తగువు పెట్టుకునేది.

"మొక్కాలంటే రాయి కాన్నుంచే మొక్కండే. వాగుకు కండ్లున్నాయి, కనపడతాది."

అందరం విసుక్కునేవాళ్ళం. ఆమె అంత విసిగించబట్టే తర్వాతి వరదల్లో ఒక్క మేకపిల్ల కూడా పోలేదు. ఆ గొడవకు ఊరంతా ఋణపడి ఉంది.

ఆమె దినాలు కాకముందే మళ్ళీ తుఫాను, మళ్ళీ వాగు. ఆడవాళ్ళు పళ్ళాలతో వచ్చి రాయి దగ్గర ఆగారు. ఒక్కరూ దాన్ని దాటి కిందికి అడుగు పెట్టలేదు. పసుపు కుంకుమ రాయి మీద ఉంచి, మేకల్ని అదిలించుకుంటూ మిట్టెక్కారు. పైనుంచి తిరిగి చూస్తే, వాగే రాయి దాకా వచ్చి కుంకుమ తీసుకుపోతోంది.